క్యాండిడ్ అనే తెల్లని మాట

మా ఇంట్లో నా భార్య ఫోటోలు చాలా ఉన్నాయి. మొన్నటిదాకా ఒక్కదానిలోనూ ఆమె నవ్వింది లేదు. పులివెందుల నుంచి జమ్మలమడుగుకు కాపురానికి వచ్చిన నాటి నుంచీ అంతే. కెమెరా కనబడితే చాలు, ముందుపళ్ల మధ్య సందు కనిపించకుండా పెదాలు బిగించేస్తుంది. ఆ సందుతో నవ్వే నవ్వును ఒక్కసారైనా ఫోటోలో చూసుకోవాలని నాకు ఆశగా ఉండేది.

ఈమధ్య ప్రొద్దుటూరులో మనవరాలి పెళ్లికి వెళ్లాం. మధ్యాహ్నపు ఎండ మండపం కిటికీల్లోంచి పాలలా పారుతోంది. ఫోటో తీసే కుర్రవాడు మా ముందుకొచ్చి, "క్యాండిడ్ తీస్తాండా తాతా. నా పక్క సూడాకండి" అన్నాడు.

నేను రిటైరైన ఇంగ్లీషు మాస్టరును. ఊరుకుంటానా? "క్యాండిడ్ అంటే ఏందో తెలుసా అప్పా? జిల్లాలో నాకొక్కడికే తెలుసు. లాటిన్‌లో తెల్లంగా తళతళలాడేది అని. రోములో పదవికి నిలబడేటోళ్లు బట్టలకు సుద్ద పూసుకోని జనంలోకి పోతాండ్రి. క్యాండిడేటు అనే మాట ఆ తెలుపులోంచే పుట్టింది. పోను పోను ఆ తెలుపు మనసుకు అంటుకోని, దాపరికం లేని మాట అయింది. ఇప్పుడు నీ కెమెరాలో దూరి, తెలీకుండా తీసే ఫోటో అయింది."

"సుద్ద పూసుకుంటాండ్రా? మన కాడ గంజి పెడతారు, అంతే కదా తాతా!"

నా మాటలే నాకు జోలపాటయ్యాయి. గంజి పంచెలు, మల్లెపూలు, నా భార్య నెరిసిన జుట్టు... తెల్లనివన్నీ ఆ వెలుగులో ఒక్కటై తేలుతున్నాయి. రోము యాడుందో, ప్రొద్దుటూరు యాడుందో! ఆ మైకంలోనే గడ్డం పైకెత్తి, ఏమీ ఎరగనట్టు ఫ్యాను వైపు చూస్తూ బిగుసుకుపోయాను.

"ఏందయ్యా ఆ సూపు? మెడ పట్టుకునిందా?" అంది నా భార్య.

"మాట్లాడాకు. క్యాండిడ్‌గా ఉండా," అన్నాను పెదాలు కదపకుండా.

ఆమె పకపకా నవ్వింది. కెమెరా క్లిక్కుమంది.

నా హాస్యానికి మండపమంతా నవ్విందని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంటాను. మండపమంతా ఏం కాదు, ఆమె ఒక్కతే. అదీ హాస్యానికి కాదు, నా మెడకు. ఇక ఆ లాటిన్ సంగతంటారా, పెళ్లిలో క్యాండిడ్ ఫోటోలు తీయిస్తారని విని, ముందురోజే నిఘంటువు తిరగేసి వెళ్లాను.

ఫోటోలో నేను రాయిలా ఉన్నాను. ఆమె నవ్వుతోంది, సందుతో సహా.

"ఎవురికీ సూపాకు దాన్ని," అంటూ రోజూ గోడ వైపు తిప్పి పెడుతుంది. పొద్దున్నే ఎండ వచ్చే వేళకు నేను మళ్లీ ఇటు తిప్పుతాను.