రాగిపలక మీద బతుకమ్మ చప్పట్లు

విజ్ఞాన లోకానికి ముందుగా నా సాష్టాంగ క్షమాపణలు. ఈ రోజు పటాన్‌చెరులోని మా చిన్న షెడ్డులో నేను సైన్సును కాస్త ముందుకు నెట్టాను.

మా సీనియర్ ఇంజనీర్ సునీతక్క ఒక గాజు గొట్టం తయారు చేసింది. దాని లోపల ఎలక్ట్రాన్ల ధార, దువ్వెన పళ్లలా గీతలు చెక్కిన రాగిపలకకు తగలకుండా దాని మీదుగా దూసుకుపోతుంది. మొదట ఏ ఎలక్ట్రాన్ గోల దానిదే. ధార పెంచితే అన్నీ గుంపులు కట్టి, బతుకమ్మ చుట్టూ ఆడవాళ్ల చప్పట్లలా ఒక్క లయలో పడతాయి. ఆ లయే మైక్రోవేవ్ తరంగమై బయటికొస్తుంది. కళ్లు మూసుకుంటే నాకు ఆ చప్పట్లు వినిపిస్తాయి కూడా.

నిన్న ఆ తరంగాన్ని పట్టే మీటరు సూది లేస్తే స్వీట్లు పంచుకున్నాం. తీరా చూస్తే అది లంచ్ రూమ్ ఓవెన్‌లో ఎవరో పప్పు వేడి చేసుకుంటున్న తరంగం! ఇవాళ కూడా మా తరంగం రాకపోతే గొట్టం పెట్టుకున్న అక్క బల్లను ప్యాకింగ్‌ వాళ్లకిచ్చేస్తానన్నారు ఓనర్.

"తమ్మీ, ఇయ్యాల సూది లేస్తే నా ఎలక్ట్రాన్లతోనే లేవాలె. ఎవ్వని పప్పుతోని కాదు," అన్నది అక్క.

"నా పానం అడ్డం పెడ్త అక్కా!"

"నీ పానం నాకెందుకురా? చెప్పిన పని జెయ్యి సాలు."

మధ్యాహ్నం సూది లేచింది. ధార ఆపితే పడింది, వదిలితే మళ్లీ లేచింది. బల్ల అక్కదే.

అభినందనలు కామెంట్లలో పెట్టండి, కాదనను. కానీ ఆ సూదిని నేను చూడనే లేదు. ఓవెన్ ప్లగ్గు పీకి, దాని ముందు కాపలా నిలబడి, గోడ అవతల అక్క వేసిన కేక విన్నాను. నేను చేసింది అంతే.