మా వదిన లేచిన సభ

మా వదిన మొండిది. ఆ ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. చిన్నప్పటినుంచీ బట్టలు కుడుతోంది. కొలత వేలెడు తేడా వస్తే, తొడుక్కునేవాళ్ళు ఫరవాలేదన్నా ఊరుకోదు. అంతా విప్పి మళ్ళీ కుడుతుంది. వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. అలాంటి మనిషిని పోయిన ఎన్నికల్లో మా వీధివాళ్ళమే బతిమాలి నిలబెట్టి, ఇల్లిల్లూ తిరిగి గెలిపించి, పురపాలక సంఘానికి పంపించాం.

పంపింది ఒకే ఒక్క పనికి. మా వీధి చివర అద్దకాల కార్ఖానా ఉంది. దాని రంగునీళ్ళు మురిక్కాలవలోకి, అక్కణ్ణుంచి భూమిలోకి, భూమిలోంచి మా బోరింగులోకి వస్తాయి. పొద్దున బిందె పెడితే ఒకరోజు నీలం, ఒకరోజు ఇటుకరంగు. నా కూతురికి మోకాళ్ళ కిందంతా పుళ్ళు. మందు రాస్తే మానతాయి, స్నానం చేయిస్తే మళ్ళీ లేస్తాయి. ఆ నీళ్ళు ముట్టనివ్వొద్దన్నాడు డాక్టరు. వేరే నీళ్ళు ఎక్కణ్ణుంచి తేవాలో మీరే చెప్పండని అడిగితే తల వంచుకుని మందులచీటీ రాసిచ్చాడు. ఇంతలో కార్ఖానా లైసెన్సు గడువు తీరింది. మళ్ళీ ఇవ్వాలా వద్దా అన్నది సభ తేల్చాలి. వద్దంటే కార్ఖానా ఊరి బయటికి పోవాల్సిందే. మేం కోరుకున్నది అంతే.

చిక్కల్లా మా అన్నయ్యతోనే. ఆ కార్ఖానా గేటు దగ్గర కాపలా ఉద్యోగం అన్నయ్యది. అది పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టం. అయినా అన్నయ్య నా ఎదుటే వదినతో, మేనకోడలి కాళ్ళు చూశాక ఆ గేటు దగ్గర నిలబడబుద్ధి కావడం లేదనీ, తన సంగతి ఆలోచించకుండా లైసెన్సు వద్దనే చెయ్యెత్తమనీ అన్నాడు. ఇంక మాకు అనుమానమెందుకుంటుంది? అటెవరు, ఇటెవరు అని ముందే చూసుకున్నాం. ఒక్క చెయ్యి తేడాతో గెలుపు మాదే. ఆ ఒక్క చెయ్యి వదినది.

సభలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి అంశానికీ ముందు కార్యదర్శి ఒక వాక్యం చదువుతాడు. ఇందులో తమకుగానీ తమవాళ్ళకుగానీ లాభం, నష్టం ఉన్న సభ్యులు లేచి ఆ సంగతి చెప్పి, విషయం తేలేదాకా బయట కూర్చోవాలని. ఆయన చదువుతూనే ఉంటాడు, వీళ్ళు టీ తాగుతూనే ఉంటారు. దున్నపోతు మీద వాన. ఆ వాక్యం విని లేచిన మనిషిని ఎవరూ చూడలేదు. అధ్యక్షుడి అల్లుడికి కార్ఖానాలో వాటా ఉందని ఊరందరికీ తెలుసు. ఆయన పక్కన కూర్చునే లారీల ఆసామి బళ్ళే ఆ కార్ఖానా సరుకు మోస్తాయి. ఆ సంగతీ తెలుసు. తెలిసి ఏం లాభం?

ఆరోజు నేను వెనక, జనానికి వేసిన కుర్చీల్లో కూర్చున్నాను. నా కూతురు నా ఒళ్ళో ఉంది. కార్యదర్శి ఆ వాక్యం చదివేసి కాగితం తిప్పబోయాడు. వదిన లేచింది.

"మా ఆయన ఆ కార్ఖానాలో పనిచేస్తున్నాడండీ. అందుకని నేను బయటికెళ్తున్నా," అంది. తరవాత అధ్యక్షుడి వైపు తిరిగి, "నాలాంటివాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే, వాళ్ళూ వస్తే బాగుంటుంది," అంది.

వద్దు వదినా అని అరవబోతే బంట్రోతు వేలు చూపించి కూర్చోమన్నాడు. తలుపుకు అద్దం ఉంది. అందులోంచి వరండాలో బెంచీ కనిపిస్తోంది. వదిన వెళ్ళి బెంచీ మధ్యలో కూర్చుంది. కాసేపటికి ఏదో తోచినట్టు ఒక చివరికి జరిగింది. వచ్చేవాళ్ళకి చోటు చేసిందండీ, పిచ్చిమాలోకం. తను లేస్తే వాళ్ళు సిగ్గుపడి లేస్తారనుకుంది. తప్పు కుట్టు కనిపిస్తే విప్పేవాళ్ళే లోకమంతా అనుకుంది.

లోపల అధ్యక్షుడు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. లారీల ఆసామి బిస్కెట్టు టీలో ముంచుకున్నాడు. ఒక్కరూ కుర్చీ కదపలేదు. చేతులెత్తమన్నారు. అటూ ఇటూ సమానంగా లేచాయి. అలా అయినప్పుడు అధ్యక్షుడు ఎటంటే అటు. కార్ఖానా ఎక్కడున్నది అక్కడే ఉంటుందని తేలిపోయింది.

వదినని లోపలికి పిలవకముందే నేను వరండాలోకి పరిగెత్తాను. పిల్ల గౌను పైకెత్తి కాళ్ళు చూపించాను.

"నీ నిజాయితీ ఈ పుళ్ళకి రాయనా?" అన్నాను.

"నేనూ కూర్చుని చెయ్యెత్తి ఉంటే రేపు వాళ్ళని ఏమని అడుగుతాం, అమ్మాయ్?"

"ఇప్పుడేమని అడుగుతున్నాం?"

ఇంతలో బంట్రోతు వచ్చి వదినని లోపలికి పిలిచాడు.

మర్నాడే అన్నయ్య ఉద్యోగం ఊడింది. నిండుసభలో యజమానుల పరువు తీసిన ఆడదాని మొగుడు మా గేటు దగ్గర అక్కర్లేదన్నారట. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, మా అన్నయ్య బతుకు అచ్చం అదే అయింది. పోనీ వీధైనా అయ్యో అందా? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటుంది లోకం. మొగుడి ఉద్యోగం కాపాడుకోవడానికే టైలరమ్మ లేచి బయటికి పోయిందన్నారు. ఉద్యోగం పోయింది కదర్రా అంటే, అదంతా నాటకం, లోపల్లోపల ఏదో ముట్టే ఉంటుందన్నారు. కుట్టమని ఇచ్చిన బట్టలు కుట్టకుండానే వెనక్కి పట్టుకుపోయారు. నేను ఒక్కొక్కరితో పోట్లాడాను. పోట్లాడి ఇంటికొచ్చి, రంగునీళ్ళతో పిల్లకి స్నానం చేయిస్తూ వదినని నేనే తిట్టుకున్నాను. రెండూ నిజమే. మనసు ఒక్కచోట నిలవడం లేదు.

నిన్న సాయంత్రం వదిన మా ఇంటికొచ్చింది. మిషను ఖాళీగా ఉంటోందిగా, పిల్లకి పుళ్ళు ఒరుసుకోకుండా మెత్తటి పాతగుడ్డతో వదులు పైజామా కుట్టుకొచ్చింది. తొడుగుతుంటే పిల్ల వదిన మొహంలోకి చూసి అడిగింది.

"అత్తా, ఆరోజు నువ్వెందుకు బయటికెళ్ళిపోయావు?"

అన్నయ్య ఉద్యోగం పోయినరోజు కూడా ఏడవని మనిషి వదిన. వీధి వీధంతా నానామాటలన్నప్పుడు కూడా గుమ్మంలో నిలబడి విన్నది. అలాంటిది, నేలమీద చతికిలబడి, కొంగుతో మొహం కప్పుకుంది.

"ఎవరూ రారని తెలీలేదు తల్లీ," అంది.

పిల్లకేం అర్థమవుతుంది? దురద ఆగక మళ్ళీ కాళ్ళు గోక్కోవడం మొదలుపెట్టింది. వదిన కళ్ళు కూడా తుడుచుకోకుండా దాని రెండు చేతులూ పట్టుకుని అలాగే కూర్చుంది.