మాయమయ్యే గీత

2012లో మా ఆఫీసు చిక్కడపల్లిలో ఒక మిఠాయి దుకాణం పై అంతస్తులో ఉండేది. ఆన్‌లైన్ మీటింగులో ఉన్నవాళ్లంతా ఒకే బోర్డు మీద గీసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లం. అందులో పెన్ను పని నాది. మౌస్‌తో గీస్తే గీత గరుకుగా, వంకరటింకరగా పడేది. దాన్ని నున్నగా తేవడానికి నెలల తరబడి కుస్తీ పట్టాను.

అప్పుడే అశోక్‌నగర్ నుంచి ఒకమ్మాయి కొత్తగా చేరింది. నాకంటే చిన్నది.

"అక్కా, అందరు గీసి ఇడిసిపెడ్తున్నరు, బోర్డంత ఖరాబైతుంది. గీసినంక జరసేపటికి దానంతట అదే పోయే పెన్ను పెడ్దామా?" అంది.

"పోయేదానికి గీసుడెందుకు?" అన్నాను.

ఆమె మాత్రం చేసేసింది.

దాన్ని చూపించడానికి నారాయణగూడలో ఒక లెక్కల లెక్చరర్ ఇంటికి మా బాస్‌తో కలిసి ఇద్దరం వెళ్లాం. ఆయన మా బోర్డు మీదే ఊళ్లలోని పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవారు. బోర్డు మీద త్రిభుజం గీసి, కొత్త పెన్నుతో ఒక భుజం చుట్టూ సున్నా చుట్టారు. అది మెల్లగా మాయమైంది. ఇంకో భుజం చుట్టూ చుట్టారు. గట్టిగా నవ్వేశారు.

"క్లాసుల వేలు పెట్టి చూపిచ్చినట్టే ఉంది! ఎవరు చేసిన్రమ్మా ఇది?"

బాస్ ఆమెను చూపించాడు. ఆ సున్నా అంత నున్నగా ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు.

"గీత నున్నగ వచ్చేటట్టు అక్క చేసింది సార్," అని ఆమే అంది.

"అట్లనా, మంచిది," అని ఆయన మళ్లీ సున్నాలు చుట్టుకోవడంలో పడ్డారు. ఆమె ఆ మాట అనకుండా ఉంటే నాకు అంత మండేది కాదేమో.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె నా మొహం చూసింది.

"ఏమైందక్కా, పరేషాన్‌గ ఉన్నవ్?"

"తలనొస్తుంది."

వెంటనే ఆటో ఆపించి, మందుల షాపుకు పరుగెత్తి మాత్ర తెచ్చింది. లేని తలనొప్పికి ఆమె ఎదురుగానే ఆ మాత్ర మింగాను.

తర్వాత డిజైన్ పనంతా ఆమె చేతికిచ్చారు. ఏం చేయాలో ఆమె చెప్తే నేను చేసేదాన్ని. ప్రతిసారీ "అక్కా, జర చూస్తవా?" అని బతిమాలుతున్నట్టే అడిగేది. అందుకని కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది.

2014లో ఆమె పెద్ద కంపెనీకి వెళ్లిపోయింది. ఆ స్థానం నాకు వచ్చింది. వారం తిరగకముందే లెక్చరర్‌గారు ఫోన్ చేశారు.

"ఆ పెన్ను చేసిన పిల్ల ఉన్నదా?"

"లేదు సార్. ఏం కావాల్నో నాకు చెప్పుండ్రి."

గీత ఇంకొంచెం ఆగి మాయం కావాలట. చిన్న పనే. అయినా ఎక్కడైనా ఒక్క తప్పు దొరుకుతుందేమోనని ఆమె రాసిన కోడ్ మొత్తం, సాయంత్రం దాకా కూర్చుని చదివాను. దొరకలేదు.