సున్నం కడిగిన ముంత

"తియ్యటిదేనా?" అన్నాడు మా ఆయన, గ్లాసు చూసి. "మందండీ, చేదే" అన్నాను. "అయితే మా అమ్మకి పొయ్యవే, తీపంటుంది" అన్నాడు. మా ఇద్దరికీ అవే ఆఖరి మాటలు. అత్తగారు పోయి అప్పటికి ఎన్నేళ్ళో! నవ్వుకుంటూ పోయాడు మనిషి. ఎందుకన్నాడో చెబుతాను, రాసుకో అమ్మాయ్.

ఆ రోజుల్లో పెళ్ళంటే పిల్ల మొహం ఎవరు చూశారు, ఇంటి వాసన చూసేవారు. మాది కల్లు వాసన. మా నాన్న కొల్లేటి గట్టున తాడిచెట్లు గీసేవాడు. ముంత లోపల సున్నం పూసి కడితే తీపి నీళ్ళు దిగుతాయి, పులవవు, బెల్లం వండుకోవచ్చు. సున్నం లేదా, పొద్దెక్కేసరికి కల్లే. ఏలూరు నుంచి సంబంధం వచ్చింది. పిల్లాడు తాడేపల్లిగూడెం రైసు మిల్లులో గుమాస్తా అన్నారు. తల్లేమో గుడిలో (మా క్రైస్తవుల గుడే) లేచి తాగుడు మీద సాక్ష్యం చెప్పే మనిషి. "కల్లు కొంప పిల్ల మాకొద్దు" అని కబురంపింది. నాకా పిల్లాడు కావాలి (రేవు కాడ ఒకసారి చూశాలే, రాయకు ఇది). "తీపి కూడా గీస్తామండి, వచ్చి రుచి చూడండి" అని మా నాన్న బతిమాలాడు.

చలికాలం, ఆ ఏటి మొదటి గీత. తల్లీకొడుకులు దోనె దిగారు. మా నాన్న ముంత వంచితే చెంబు నిండా నురగ! నాన్న మొహం పాలిపోయింది. మా నాయనమ్మ మాత్రం మురిసిపోతూ, "పెద్దింటోళ్ళొస్తుంటే సున్నం ముంతేంట్రా, సిగ్గులేకుండా! నిన్న నేనే బూడిదేసి తెల్లగా తోమాను" అని నాన్న చెవిలో వేసింది. ఈలోపు పిల్లాడి తల్లి చెంబు ఎత్తేసింది.

"చల్లగా ఉందండీ అన్నయ్యగారూ. ఏదో చురుక్కుమంటుందేంటండీ?"

"ఈ ఏటి కొత్త సరుకు కదండీ" అన్నాడు నాన్న, నేల చూస్తూ.

"ఇంకాస్త పొయ్యండి. ఒరే, నువ్వూ చూడరా, తీపేనా ఇది?"

పిల్లాడు ఒక గుక్క తాగాడు. తెలిసిపోయింది ఆయనకి. ఒక్కమాటంటే నా పెళ్ళి కొల్లేట్లో కలిసేది. గుమ్మం చాటున నేను, చెంబు పట్టుకుని ఆయన. నన్ను చూశాడు, మూతి తుడుచుకున్నాడు. "తీపేనమ్మా. పంచదారే" అన్నాడు.

మూడో చెంబుకి ఆవిడ కీర్తన ఎత్తుకుంది. నాలుగోదానికి మా అమ్మ చెయ్యి పట్టుకుని, "వదినగారూ, దేవుడెదుట అబద్ధం దేనికండీ, మావాడు గుమాస్తా కాదు, కాటా కాడ బస్తాలెత్తుతాడు" అని ఏడ్చింది. మా అమ్మ, "పోన్లెండి వదినగారూ, మా పిల్లా బస్తాకన్నా తేలికేం కాదు" అంది. ఖాయమైపోయింది.

పెళ్ళయ్యాక మొదటి ఆదివారం అత్తగారు గుడిలో లేచి, "ఈ నాలుక మీద కల్లు చుక్క పడలేదు" అని సాక్ష్యం చెప్పింది. పక్కన నేను నవ్వాపుకోలేక ఒకటే దగ్గు. ఇప్పుడు ఆవిడ వయసు నాకొచ్చింది. మనవరాళ్ళకి నీతులు చెబుతుంటాను. నేను మొదలెట్టగానే మీ అందరికీ ఎందుకు దగ్గొస్తుందో నాకు తెలీదనుకున్నావా?

ఏదీ, రాసిందంతా ఒకసారి చదువు. దగ్గకుండా చదువు.