మెట్టె కనపడేదాకా

ఏడేళ్ళుగా నా నోట్లో ఒక మాట ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. కట్టుకున్నదానికి చెప్పలేదు. గుళ్ళో దేవుడికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, అందుకే మీకు చెబుతున్నాను. పేరు మాత్రం రాయను. పిరికివాణ్ణి. ఎంత పిరికివాణ్ణో చదివేకొద్దీ మీకే తెలుస్తుంది.

మనకింకా మద్రాసే రాజధానిగా ఉన్న రోజులు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో, దుత్తలూరు దగ్గర, ఒక వాగు మీద చిన్న వంతెన కడుతున్నారు. ఇసక, కంకర కడిగించే మేస్త్రీని నేను. ఆ వాగు ఇసక చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ గుప్పెట్లో నలిపితే అరచెయ్యి ఎర్రగా అవుతుంది. కంకర నిండా రాతిపొడి. ఆ మట్టీ పొడీ పోకపోతే సిమెంటు పట్టుకోదు. తొట్టిలో పోసి, నీళ్ళు మార్చి మార్చి కడిగాకే కాంక్రీటుకు పంపాలి.

కడిగేది పెంచలమ్మ. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. ఆమె మొగుడు కొండయ్య అక్కడే శ్లాబు కింద ఆసరాగా సెంట్రింగ్ చెక్కలు కొట్టేవాడు. పెంచలమ్మ చీర ఎగ్గట్టి తొట్టిలోకి దిగి, కాళ్ళతో ఇసకను కలియదొక్కేది. తర్వాత కదలకుండా నిలబడి ఒక వక్కాకు నమిలేది. నమలడం అయ్యేసరికి నీళ్ళ అడుగున తన కాలి మెట్టెలు కనపడితే ఇసక శుభ్రమైనట్టు. కనపడకపోతే ఆ నీళ్ళు వదిలేసి మళ్ళీ మొదలు. "మెట్టె కనపడింది" అని ఆమె కేకేస్తేనే గంపలు లేచేవి. ఓవర్సీరు కూడా ఆ పద్ధతికి ఏనాడూ వంక పెట్టలేదు.

శ్లాబు పోసే రోజు నీళ్ళ బండ్లు రాలేదు. ఎండాకాలం, బావి అడుగంటింది. పెంచలమ్మ ఉన్న నీళ్ళతోనే మళ్ళీ మళ్ళీ తొక్కుతోంది. కాంక్రీటు కలిపేవాళ్ళు పారలు పక్కన పెట్టి కూర్చున్నారు. వాళ్ళలో ఒకడు, "ఏంది మేస్త్రీ, ఇసకకు తలంటు పోస్తా ఉండావా? పెండ్లికూతురా ఏంది?" అని అరిచాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఒళ్ళంతా మండిపోయింది.

తొట్టి దగ్గరికి పోయాను. నీళ్ళు చింతపండు పులుసులా ఉన్నాయి.

"ఎత్తమను మే," అన్నాను.

"మెట్టె కనపడలా మేస్త్రీ."

"నాకు కనపడతా ఉండాదిలే."

ఆమె వంగి చూసింది. నా మొహం చూసింది. మళ్ళీ వంగింది. "అట్నా? నాకు కనపడలేదే," అంది మెల్లగా.

"నీ కళ్ళకు మసకలు వచ్చినట్టుండాయి. ఇంక బయటికి రా."

వచ్చింది. గంపలు లేచాయి.

ఎందుకన్నాను ఆ మాట? నీళ్ళు రాకపోవడం నా తప్పు కాదనీ, పని ఆగితే అందరూ నన్నే తిట్టేవాళ్ళనీ, ఒక్క తొట్టి ఇసకతో ఏమవుతుందిలే అని ఎవరైనా అనుకునేవాళ్ళేననీ ఇన్నేళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను గానీ, అన్ని సాకులూ పక్కకు నెడితే చివరికి మిగిలేది ఆ నవ్వే. నవ్వినవాళ్ళలో ఒక్కడి పేరు కూడా ఇవాళ నాకు గుర్తులేదు.

మూడు వారాల తర్వాత సెంట్రింగ్ విప్పుతుంటే శ్లాబు ఒక మూల విరిగి పడింది. కింద కొండయ్య ఉన్నాడు. బయటికి తీసేసరికే ప్రాణం లేదు. విరిగిన ముక్కనొకదాన్ని ఎవరూ చూడకుండా నలిపి చూశాను. పొడిపొడి అయిపోయింది. నా అరచెయ్యి ఎర్రబడింది.

కర్మకాండలన్నీ అయ్యాక విచారణకు ఒక పై ఆఫీసరు వచ్చి పెంచలమ్మను పిలిపించాడు. ఆమె కాలివేళ్ళకు మెట్టెలు లేవు. అవి ఉన్నచోట తెల్లటి గుర్తులు. నేను వాటినే చూస్తూ నిలబడ్డాను. నీళ్ళు తేరాయో లేదో చూసుకున్నావా అని అడిగాడాయన. చెప్పేస్తుందనుకున్నాను. చెప్పేస్తే బాగుండునని కోరుకున్నానా? లేదు. ఇక్కడ కూడా అబద్ధమెందుకు?

"నా కళ్ళకు మసకలు సామీ. నాకు సరిగ్గా కనపడలా," అంది. నేను చెప్పిన మాటను నమ్మేసింది.

ఆఫీసరు నావైపు తిరిగాడు. "చూపు లేని మనిషిని ఎందుకు పెట్టావు?"

"ఆ సంగతి నాకు చెప్పలేదండీ," అన్నాను.

ఆయన అదే రాసుకున్నాడు. పెంచలమ్మను పనిలోంచి తీసేశారు. నన్ను ఉంచారు.

పోయిన నెల ఆత్మకూరు సంతలో, రోడ్డుకు అటుపక్క నుంచి, అంత జనంలో, "మేస్త్రీ గదా?" అని ఆమే గుర్తుపట్టింది. అంత దూరం నుంచి! దగ్గరికొచ్చి నా బిడ్డల బాగోగులు అడిగింది. తర్వాత, "బియ్యంలో రాళ్ళు కూడా పక్కింటామె చేత ఏరిస్తా ఉండా అబ్బయ్యా. ఈ కళ్ళను నమ్మను. మా ఆయన్ను తినేసినాయి గదా," అంది.

నోరు తెరిచాను. "ఎండగా ఉండాది, నీడకు పో" అన్న మాట వచ్చింది.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. ఆమె దగ్గరికి పోయే ధైర్యం నాకింకా లేదు, వస్తుందని కూడా నమ్మకం లేదు. ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. పెంచలమ్మ కళ్ళు మంచివి. ఆ రోజు నాకు మెట్టె కనపడలేదు.