గఫూర్ సాబ్ ఎండ పొయ్యి

గఫూర్ సాబ్‌కు థర్మామీటరు మీద నమ్మకం లేదు. ఏ పరికరమైనా పనిచేసిందీ లేనిదీ ఎవరో ఒకరు తిని చెప్పాలి, అప్పుడే ఆయన ఒప్పుకుంటాడు. ఆదోనిలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో కరెంటు చదువు చెప్పే మనిషికి ఇది కాస్త ప్రమాదకరమైన అలవాటే.

గాలి, ఎండ, పేడ నుంచి శక్తి తీసే పాఠం సిలబస్‌లో కొత్తగా చేరినప్పుడు మిగతా లెక్చరర్లందరికీ ఒకేసారి వేరే పనులు గుర్తొచ్చాయి. అట్లా తరగని శక్తి మొత్తం గఫూర్ సాబ్ నెత్తిన పడింది. ఆయన పొంగిపోయి, ఎమ్మిగనూరులో పాత నూనె డబ్బాల రేకులతో గాలిమర చేయించి, బస్సు టాపు మీద తెచ్చి కాలేజీ మిద్దె మీద నిలబెట్టాడు. మొదటి గాలికే అది ఎగిరిపోయి పక్కనున్న జిన్నింగు మిల్లు పత్తి బేళ్ల మీద హాయిగా పడుకుంది. దాంట్లో తినడానికేమీ లేదు కనుక ఆయన పెద్దగా బాధపడలేదు.

ఆ తర్వాత వచ్చింది ఎండ పొయ్యి. లోపల నల్లరంగు పూసిన పెట్టె, పైన అద్దాల మూత, ఎండను లోపలికి మళ్లించే ఇంకో అద్దం. పొద్దున బియ్యం, పప్పు గిన్నెల్లో పెట్టి, సూర్యుడు ఎటు పోతే అటు పెట్టె తిప్పుతూ ఉంటే మధ్యాహ్నానికి అన్నం అవుతుంది. మొదటి వారం అది అన్నమేనని గఫూర్ సాబ్ ఒక్కడే అన్నాడు. ఫైనలియర్ ఎలక్ట్రికల్ క్లాసంతా తలా ఒక ముద్ద నమిలి, మర్నాటి నుంచి టిఫిన్ డబ్బాలతో సహా మెట్ల కిందకు మాయమైంది. దొరికిపోయినవాడు బసప్ప.

బసప్పది కోసిగి పక్క పల్లె. వానల్లేక అమ్మా నాయనా సుగ్గికి పోయారు, అంటే గుంటూరు వైపు మిరపకాయలు కోసే కూలికి. బసప్ప ఆదోనిలో ఒక గదిలో ఉంటూ మధ్యాహ్నం పూట కుళాయి నీళ్లతో సరిపెట్టుకునేవాడు. ఎవరు అన్నానికి పిలిచినా ఇప్పుడే తిని వస్తినని చెప్పేవాడు. ఆ అబద్ధం అతని కంటే బాగా ఆడేవాడు క్లాసులో లేడు.

గఫూర్ సాబ్ దగ్గర మాత్రం అది పారలేదు. "నిన్నేమీ విందుకు పిలవలేదప్పా. రీడింగు తీయమంటాండా. గిన్నె ఖాళీ అయితేనే రీడింగుల సరాసరి వచ్చేది," అన్నాడాయన.

బసప్పకు ఒళ్లు మండింది. తన నాలుకను మీటరు చేసి వాడుకుంటున్నాడని స్నేహితుల దగ్గర విసుక్కున్నాడు. సార్ కోసం తాను చేస్తున్న త్యాగం ఎంతటిదో వాళ్లకు వివరంగా చెప్పి, మర్నాడు గంట ముందే మిద్దెక్కేవాడు.

ఎనభై ఎనిమిది వేసవిలో రంజాన్ నెల వచ్చింది. ఉపవాసమున్న మనిషి మిట్టమధ్యాహ్నం మిద్దె మీద వంట చేస్తున్నాడని కాలేజీ అంతా నవ్వింది. తాను ముట్టకూడదు కనుక ప్రయోగం భారమంతా ఇక బసప్పదేనని గఫూర్ సాబ్ ప్రకటించాడు. అప్పుడే బసప్ప పల్లెవాడు అయ్యన్న సుగ్గికి పోతూ గదికొచ్చి, కూలి దొరుకుతుంది, నాతో రమ్మన్నాడు. చదువు అయిపోవడానికి ఇంకా నెల ఉంది. ఆ నెల ఎట్లా గడపాలో తోచక బసప్ప రేపు పోతానని సార్‌తో చెప్పేశాడు.

గఫూర్ సాబ్ పరీక్షల ఊసే ఎత్తలేదు. "ప్రయోగం సగంలో ఉండాది. రేపు మధ్యాహ్నం రీడింగు తీసి సాయంత్రం బండికి పో," అన్నాడు.

మర్నాడు ఆదోని మీద మబ్బు కమ్ముకుంది. పొద్దున్నుంచి ఎవరి నీడా నేల మీద పడలేదు. ఆ వెలుతురుకు బియ్యం నానతాయి గానీ ఉడకవు. అయినా గఫూర్ సాబ్ గంభీరంగా పెట్టె మూత తీశాడు, గిన్నెలోంచి గుప్పున ఆవిరి లేచింది.

బసప్ప ఒక ముద్ద పెట్టుకుని ఆగిపోయాడు. అన్నం మాడు వాసన కొట్టింది. ఎండ పొయ్యిలో అన్నం ఉడకవచ్చు, ఉడక్కపోవచ్చు, అడుగంటడం మాత్రం జరగదని పాఠం చెప్పింది ఈయనే. పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఉపవాసంతో వండిన మనిషికి రుచి చూసే వీలులేదు మరి. పెట్టె వెనక, సార్ భార్య వహీదా బీ గిన్నెలకు చుట్టి పంపిన పాత బొంత సగం బయటికి కనిపిస్తోంది. ఇన్నాళ్లూ సార్‌కు తాను చేస్తూ వచ్చిన ఉపకారం తలుచుకుంటే బసప్పకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

"ఎట్లుండాది?" అని గఫూర్ సాబ్ మబ్బుల్ని చూస్తూ అడిగాడు.

బసప్ప మాడుతో సహా గిన్నె ఖాళీ చేసి చెయ్యి కడుక్కున్నాడు. అయ్యన్నను ఒక్కడినే పొమ్మని చెప్తానన్నాడు.

"రేపు వస్తా సార్. రేపు కూడా మబ్బే పడితే, ఎండ కొంచెం సన్నగా పెట్టమని ఇంట్లో అమ్మకు సెప్పండి."

"సెప్తాలేప్పా," అని గఫూర్ సాబ్ కనిపించని సూర్యుడి వైపు పెట్టెను శ్రద్ధగా తిప్పి పెట్టాడు.