సాంచా నూనె

సునీల్‌కు కోపం ముందు చేతికొస్తుంది, తర్వాతే నోటికి. సిరిసిల్లలో టాక్సీ నడుపుతాడు. తలుపు మూయడు, బాదుతాడు. గేరు మార్చడు, గుద్దుతాడు. ఈమధ్య బండి వేడెక్కగానే మాడిన నూనె వాసన లోపలికి కొడుతోంది. వేములవాడ పోయేవాళ్లు సగం దారిలోనే దిగిపోతున్నారు. ఇట్లాగే సాగితే బండి అమ్ముకోవడమే. "రెండుసార్లు ఇప్పి చూసిన అన్నా, ఇంజన్ల యాడా కారుతలేదు" అన్న మెకానిక్ మెడ పట్టి, తలను బానెట్‌కేసి కొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు కారినా వదల్లేదు.

మర్నాడు పెందలాడే లేచి వాకిట్లోకి వస్తే బానెట్ ఎత్తి ఉంది. ఒళ్లు ఉడిగేదాకా సాంచా మీద బట్ట నేసిన తండ్రి రాజలింగం, నూనెడబ్బా వంచి ఇంజన్ సందుసందునా చుక్కలు వేస్తున్నాడు, మరమగ్గానికి వేసినట్టే. కారిన నూనె పొగగొట్టం మీద మెరుస్తోంది. నూనె చేత్తోనే ఆయన చెంప మీది చెమట తుడుచుకున్నాడు. సునీల్ కుడి అరచేతి దెబ్బ సరిగ్గా ఆ చెంప మీదే పడింది. ముసలాయన గోడకు తగిలి కూలబడ్డాడు.

"బండి అరుస్తున్నదని దినాం తిడ్తవు గద కొడుకా. నూనె ఏస్తే సాంచ ఊకుంటుండె."

సునీల్ డబ్బాను రోడ్డు మీదికి విసిరేశాడు. గుడ్డతో ఇంజనంతా తుడిచి బండి తీశాడు.

వేములవాడ దారిలో వెనక కూర్చున్నామె అడిగింది: "ఇయ్యాల వాసనేం లేదు తమ్మీ, అద్దమెందుకు దించినవ్?"

అతడు జిడ్డు వదలని కుడి అరచేతిని కిటికీ బయట గాలికి పెట్టి, ఒంటి చేత్తోనే నడుపుతూ పోయాడు.